వేళాంకణి - పాలకుండ పొంగిన ఊరు

కొత్త ఇంట్లో అడుగుపెట్టగానే మనం మొదట చేసే పని ఏమిటి? పొయ్యి వెలిగించి పాలు పొంగించడం! పాలు పొంగితే ఆ ఇంట సిరులు పొంగుతాయని మన నమ్మకం. అలాంటి ఒక పాలకుండ కథతోనే ఓ చిన్న జాలరి పల్లె దేశమంతా ఎరిగిన పుణ్యక్షేత్రమైందంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. ఆ ఊరే తమిళనాడులోని వేళాంకణి. మనలో చాలామంది వేళాంగణి అంటారు. అక్కడి ఆరోగ్యమాతకు మొక్కుకున్నవారు మీ వీధిలోనే ఒకరిద్దరు ఉండే ఉంటారు.

నాగపట్టణానికి దక్షిణాన పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, బంగాళాఖాతం ఒడ్డున ఉన్నది ఈ ఊరు. ఇక్కడ రాజుల కోటలు లేవు, యుద్ధాల కథలు లేవు. ఉన్నవల్లా పాలు, మజ్జిగ, పడవలు, వాటి చుట్టూ అల్లుకున్న మూడు కథలు. మొదటి రెండు కథలూ 16వ శతాబ్దం నాటివని చెబుతారు. వాటికి ఆనాటి రాతలేమీ లేవు. అమ్మమ్మలు మనవలకు చెప్పగా చెప్పగా నిలిచినవే. అన్నట్టు, ఆ శతాబ్దంలో తంజావూరు సీమలో పాలన మొదలుపెట్టినవారు మన తెలుగు నాయక రాజులే!

పాలు తరగలేదు

ఒక పశువుల కాపరి కుర్రవాడు రోజూ నాగపట్టణంలోని ఒక ఆసామి ఇంటికి పాలు తీసుకువెళ్ళేవాడు. దారిలో చెరువు పక్కన మర్రిచెట్టు నీడలో కాస్త కునుకు తీశాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఒక స్త్రీ, చంకలో బిడ్డ. ''బిడ్డకు కాసిని పాలు పోస్తావా?'' అని అడిగింది. పిల్లవాడు కాదనలేక పోశాడు. ఆలస్యమైనందుకు, పాలు తగ్గినందుకు ఆసామి దగ్గర క్షమాపణ చెప్పుకుంటూ కుండ మూత తీస్తే ఏముంది, పాలు అంచు దాటి పొంగుతున్నాయి! ఆ చెరువే నేటి 'మాతాకుళం'. తమిళంలో కుళం అంటే కోనేరు. ఇక్కడికి వచ్చిన ఆడవాళ్ళు ఆ నీటిని సీసాలలో పట్టుకుని ఇంటికి తీసుకువెళతారు.

మజ్జిగ అమ్మిన అబ్బాయి

రెండో కథ వింటే ఏ తల్లి మనసైనా కరుగుతుంది. ఒక పేద వితంతువుకు ఒక్కడే కొడుకు, వాడూ కుంటివాడు. కాలు కదపలేని కొడుకును ఆ తల్లి రోజూ ఊరి మధ్య దిబ్బ మీద మర్రిచెట్టు కింద కూర్చోబెట్టి, మజ్జిగ కుండ ముందు పెట్టేది. ఎండన పడి వచ్చే బాటసారులు కొనుక్కు తాగేవారు. ఒకనాడు బిడ్డనెత్తుకున్న స్త్రీ వచ్చి మజ్జిగ అడిగింది. పోశాడు. ''నాగపట్టణం వెళ్ళి ఫలానా ఆయనతో ఇక్కడ నాకొక గుడి కట్టమని చెప్పు'' అన్నది ఆమె. ''నేను నడవలేనమ్మా'' అన్నాడు వాడు. ''లేచి చూడు'' అన్నది. లేచాడు, నడిచాడు, పరుగెత్తాడు! ఆ పెద్దమనిషికీ ముందటి రాత్రి అదే కల వచ్చిందట. ఆయన చిన్న పూరిపాక గుడి కట్టించాడు. ఆ దిబ్బ పేరు 'నడుత్తిట్టు'. ఇప్పుడు అక్కడ ఒక చిన్న గుడి ఉన్నది. ఆనాటి నుంచే ఆ తల్లికి ఆరోగ్యమాత అనే పేరు వచ్చిందంటారు.

తుఫానులో మొక్కు

మూడో కథ 17వ శతాబ్దానిది. మకావు నుంచి సింహళానికి వెళుతున్న పోర్చుగీసు ఓడ నడిసముద్రంలో తుఫానులో చిక్కుకుంది. బతికి ఒడ్డున పడితే, పడిన చోటనే మాతకు గుడి కడతామని నావికులు మొక్కుకున్నారు. ఓడ వేళాంకణి తీరానికి చేరింది. ఆ రోజు సెప్టెంబరు 8, మరియమ్మ పుట్టినరోజు. జాలరులు వాళ్ళను పూరిపాక గుడికి తీసుకువెళ్ళారు. నావికులు మాట తప్పలేదు. పాక స్థానంలో గట్టి కట్టడం లేపారు. తరువాతి ప్రయాణాలలో బైబిలు బొమ్మలున్న పింగాణీ పలకలు తెచ్చి పీఠానికి అలంకరించారు.

1658లో నాగపట్టణం డచ్చివారి చేతిలో పడింది. అయినా వేళాంకణికి జనం రాక ఆగలేదు. 1771లో ఇది ప్రత్యేక విచారణ అయింది. 1962లో పోపు 23వ జాన్ దీనికి 'బసిలికా' హోదా ఇచ్చారు. 1970లలో ఫ్రాన్సులోని లూర్దు ఆలయం పోలికలో వెనుకవైపు రెండంతస్తులుగా పెంచారు.

అందరి అమ్మ

తెల్లని గోపురాల మధ్య నుంచి లోపలికి వెళితే, పీఠం మీద మాత మన ఆడపడుచులాగా చీర కట్టుకుని, బిడ్డనెత్తుకుని నిలబడి ఉంటుంది. మొక్కులు కూడా మనకు తెలిసినవే. తలనీలాలు ఇస్తారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు, కొబ్బరి మొక్కలు సమర్పిస్తారు. కొందరు ఇసుక బాట మీద మోకాళ్ళతో నడుస్తారు. కానుకల ప్రదర్శనశాల తప్పక చూడండి. వెండి కళ్ళు, కాళ్ళు, చేతులు, ఊయలలు, ఇళ్ళు... ఒక్కొక్కటి ఒక్కో ఇల్లాలి కథ.

ఏటా ఆగస్టు 29న జెండా ఎక్కుతుంది. సెప్టెంబరు 8 దాకా ఉత్సవం. కాషాయం బట్టలు కట్టి వందల మైళ్ళు నడిచి వచ్చేవాళ్ళుంటారు. తమిళం, మలయాళం, కొంకణితోపాటు మన తెలుగులో కూడా పూజలు జరుగుతాయి. హిందువులు, ముస్లిములు కూడా వస్తారు. చాలామంది ఒకే ప్రయాణంలో నాగూరు దర్గా, సిక్కల్ మురుగన్ కోవెల, వేళాంకణి మూడూ చూసుకుని వెళతారు. మతమేదైనా ఇక్కడికి వచ్చి ఊరట పొందుతున్నవారిని గురించి 2024 ఆగస్టులో వాటికన్ రాసిన లేఖలో ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

మరువలేని ఆదివారం

అయితే ఈ ఊరి కథలో అద్భుతాలే లేవు. 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. యాత్రికులతో తీరం కిటకిటలాడుతున్న ఉదయం సునామీ వచ్చింది. నాగపట్టణం జిల్లాలో 6,000 మందికి పైగా పోయారు. వేళాంకణిలో స్నానానికి దిగినవారు, ఒడ్డున బొమ్మలు, గవ్వలు అమ్ముకునేవారు ఎందరో అలలలో కలిసిపోయారు. ఎవరి బిడ్డలో తెలియని వారిని ఒకే చోట పూడ్చవలసి వచ్చింది.

''అమ్మ ఎదుటనే ఇలా ఎందుకు జరిగింది?'' అని మీరు అడగవచ్చు. అడగని తల్లి ఉండదు. దీనికి జవాబు ఎవరి దగ్గరా లేదు. కానీ ఒకటి నిజం. ఆ ఏడాది బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు కూడా మళ్ళీ ఇదే గుడికి వచ్చారు. కోరికతో కాదు, కన్నీళ్ళతో. కొడుకును పోగొట్టుకున్న బాధ మరియమ్మకు తెలుసు గదా! చెప్పుకోవడానికి ఒక చోటు ఉండటం కూడా ఆడదానికి చిన్న సంగతి కాదు.

మీరు వెళ్ళాలనుకుంటే

* చెన్నై లేదా తంజావూరు మీదుగా నాగపట్టణం చేరితే అక్కడి నుంచి బస్సులు ఉన్నాయి. 2010 నుంచి రైలు మార్గం కూడా ఉంది.

* పసిపిల్లలు, ముసలివారు వెంట ఉంటే ఉత్సవం రోజులు వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుఫానులు. 2018 నవంబరులో 'గజ' తుఫాను ఈ ప్రాంతాన్నే కుదిపేసింది. జనవరి, ఫిబ్రవరి నెలలు హాయిగా ఉంటాయి.

* సముద్రంలోకి లోతుగా దిగకండి. పిల్లల చెయ్యి వదలకండి.

* ఇసుక కాలుతుంది. మధ్యాహ్నం వేళ పిల్లల చేత మోకాళ్ళ మొక్కు చేయించకండి.

* అన్నిటికన్నా ముఖ్యం, ఆరోగ్యమాతకు మొక్కుకున్నామని డాక్టరు ఇచ్చిన మందులు మానకండి. మొక్కు మొక్కే, మందు మందే!

తిరుగు ప్రయాణంలో చిన్న సీసాలో కోనేటి నీళ్ళు తెచ్చుకుంటారు సరే, పిల్లలకు ఆ మజ్జిగ అబ్బాయి కథ కూడా చెప్పండి. అడిగిన బిడ్డకు ఒక గ్లాసు మజ్జిగ పోయడానికి మనం ధనవంతులమే కానక్కరలేదని వాళ్ళకూ తెలుస్తుంది.