తప్పు వేళ్ళలో లేదు, పెట్టెలో ఉన్నది



ఒకప్పుడు పల్లె సంఘాలలో హార్మోనియము, డోలకు, తాళములు ఉంటే పాటల బృందము పూర్తి అయినట్టే. ఇప్పుడు చాలా చోట్ల గిటారు కూడ వచ్చి చేరింది. దానిని వాయించే పిల్లవాని ప్రక్కన చిన్న నల్లపెట్టె ఒకటి కనబడుతుంది. అదే ప్రాక్టీసు యాంప్లిఫైయరు. 10 లేక 15 వాట్ల శక్తి, ఆరున్నర లేక 8 అంగుళాల స్పీకరు ఒకటి, పైన నాలుగైదు గుండీలు, అంతే. ఇంటిలో సాధన చేసుకొనుటకు తయారైన వస్తువు అది. మనము మాత్రము ఆరాధనలోను, ఇంటి కూటములలోను కూడ దానితోనే సరిపెట్టుకొంటాము. ఆ పెట్టెలోని స్పీకరును గూర్చి ఈ నెల నాలుగు మాటలు వ్రాయదలచాము. దీనికి మా సంఘములో జరిగిన ఒక సంగతి కారణము. అందులో తప్పు మాదే గనుక ముందుగా అదే చెబుతాము.

మా పాటల బృందములో తండ్రి లేని యౌవనస్థుడు ఒకడున్నాడు. తల్లి కూలి డబ్బులు కూడబెట్టి అతనికి ఎవరో వాడిన గిటారును, పాత యాంప్లిఫైయరును కొనిపెట్టింది. మెల్లగా వాయిస్తే బాగానే ఉండేది. శబ్దము కాస్త పెంచగానే రేకుడబ్బాలో తుమ్మెద చిక్కుకొన్నట్టు ఒకటే జీర. పెద్దలు ముఖము చిట్లించేవారు. మేము కూడ అతనిని ప్రక్కకు పిలిచి, "బాబూ, తీగలు సరిగా నొక్కడము లేదు, ఇంకా సాధన చేయాలి" అన్నాము. తరువాత రెండు ఆదివారాలు అతడు గిటారు తేలేదు. తల్లిని అడిగితే, "ఇక వాయించడంటండీ అయ్యగారూ, అమ్మేస్తానంటున్నాడు" అని కళ్ళు తుడుచుకొన్నది.

ఆ సాయంత్రమే వారి ఇంటికి వెళ్ళాము. యాంప్లిఫైయరుకు తగిలించకుండ ఉత్త గిటారే వాయించమన్నాము. దగ్గరగా కూర్చుండి విన్నాము. ఒక్క స్వరము తప్పలేదు, ఎక్కడా జీర లేదు. మాకు సిగ్గు కలిగింది.

మేము చేసిన రెండవ పొరపాటు

పెట్టెలో స్పీకరు పోయినదని తోచి, పట్టణములో కారు స్పీకర్లు అమ్మే దుకాణమునకు వెళ్ళి, ఎక్కువ వాట్లు వ్రాసి ఉన్నది ఒకటి కొని తెచ్చి బిగించాము. వాట్లు ఎక్కువైతే శబ్దము ఎక్కువ వస్తుందనుకొన్నాము. జీర పోయింది గాని, చెవులు గిల్లినట్టు కీచుమనే ధ్వని మొదలైంది. పావుగంటలో పెట్టె వెనుక చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. అబ్బాయే గబాలున ప్లగ్గు లాగివేశాడు. లేకపోయిన యెడల ఉన్నదీ పోయేది.

అప్పుడు పాత రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకొని వెళ్ళాము. ఆయన పెట్టె వెనుక వ్రాసి ఉన్న "8 ఓములు" అనే అక్షరాలమీద వేలు పెట్టి, "కారు స్పీకరు 4 ఓములుంటుంది అయ్యగారూ. ఇది చదవకుండ ఎట్లా పెట్టారు?" అన్నాడు.

ఓములంటే కరెంటుకు స్పీకరు చూపే అడ్డు. అడ్డు సగమైతే కరెంటు ఇంచుమించు రెట్టింపు పారుతుంది. అంత ఇవ్వడానికి తయారుకాని యాంప్లిఫైయరు వేడెక్కి, చివరకు లోపలి భాగాలు కాలిపోతాయి. కనుక 8 అని వ్రాసి ఉంటే 8 ఓముల స్పీకరే, 4 అని ఉంటే 4 ఓముల స్పీకరే వేయాలి. ట్రాన్సిస్టర్లతో చేసిన పెట్టెకు ఎక్కువ ఓముల స్పీకరు వేస్తే ప్రమాదము లేదు గాని శబ్దము తగ్గుతుంది. వాల్వులతో పనిచేసే పెట్టెకు మాత్రము ఖచ్చితముగా సరిపోయినదే వేయాలి, స్పీకరు లేకుండ దానిని ఎన్నడూ నడపకూడదు.

గిటారు స్పీకరు వేరు

స్పీకరు పనిచేసే తీరు తేలికే. అయస్కాంతము నడుమ సన్నని తీగచుట్ట ఒకటి ఉంటుంది. కరెంటు మారినకొలది ఆ చుట్ట ముందుకు వెనుకకు కదులుతుంది. దానికి అంటించిన కాగితపు కోను గాలిని కదుపుతుంది. ఆ గాలి కదలికే మనము వినే ధ్వని. అమెరికాలో రైస్, కెల్లాగ్ అను ఇద్దరు ఇంజినీర్లు 1925లో వివరించిన పద్ధతినే నేటికీ చాలా స్పీకర్లు అనుసరిస్తున్నాయి.

అయితే పాటలు వినుటకు చేసిన స్పీకరు, గిటారుకు చేసిన స్పీకరు ఒకటి కావు. మొదటిది సన్నని ధ్వనులను కూడ ఉన్నవి ఉన్నట్టు వినిపించాలి. గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్జులు దాటిన ధ్వనులను బాగా తగ్గించివేస్తుంది. యాంప్లిఫైయరులో పుట్టే గరుకుదనము చాలావరకు అక్కడే అణగి, చెవికి ఇంపైన స్వరము బయటికి వస్తుంది. కారు స్పీకరు కీచుమన్నది అందుకే.

ముందు పరీక్ష, తరువాత ఖర్చు

ఆ పెద్దాయన వెంటనే కొత్తది కొనమనలేదు. మొదట పాత స్పీకరు కోనును రెండు చేతుల వేళ్ళతో, అన్ని వైపుల సమానముగా, మెల్లగా లోపలికి నొక్కి వదిలాడు. లోపల బరబరమని రాపిడి వినబడింది. తీగచుట్ట ప్రక్కకు జరిగి అయస్కాంతమునకు రాసుకొంటున్నదన్నమాట. తరువాత మా యాంప్లిఫైయరు తీగలను తన దగ్గరున్న మరొక మంచి 8 ఓముల గిటారు స్పీకరుకు కలిపి అబ్బాయిని వాయించమన్నాడు. ధ్వని శుభ్రముగా వచ్చింది. పెట్టె మంచిదే, స్పీకరే చెడినదని తేలింది.

పాఠకులారా, మీరు కూడ ఈ పరీక్ష చేయించకుండ డబ్బు ఖర్చు పెట్టవద్దు. మంచి స్పీకరుకు కలిపినా జీర పోకపోతే లోపము వేరే చోట ఉన్నది. ఒక్కొక్కసారి వదులైన స్క్రూ, ముందు జాలీ, పైన పట్టుకొనే పిడి కూడ అదే విధముగా మోగుతాయి. వాటిని బిగించుటకు స్క్రూడ్రైవరు చాలును.

కొనేటప్పుడు చూడవలసినవి

మొదటిది, ఓములు. మల్టీమీటరుతో కొలిస్తే 8 ఓముల స్పీకరు సుమారు 6 లేక 7 చూపుతుంది, 4 ఓములది 3కు కొంచెము పైన చూపుతుంది. తక్కువ చూపినదని కంగారుపడనక్కరలేదు.

రెండవది, కొలత. వెడల్పు ఒక్కటే కాదు, స్క్రూ రంధ్రాల దూరము, వెనుక అయస్కాంతము పట్టే లోతు కూడ కొలవాలి. పెద్ద అయస్కాంతము లోపలి ట్రాన్స్‌ఫార్మరుకు తగిలితే తెచ్చినది వృథా.

మూడవది, వాట్లు. స్పీకరుమీది వాట్లు అది తట్టుకొనే శక్తిని చెబుతాయి, ఇచ్చే శబ్దమును కాదు. 10 వాట్ల యాంప్లిఫైయరుకు 15 లేక 25 వాట్ల స్పీకరు ధారాళముగా చాలును. సెలెషన్ వారి "ఎయిట్ 15" పేరులోనే 8 అంగుళాలు, 15 వాట్లు అని ఉన్నది. జెన్సెన్ వారి "సీ8ఆర్" 25 వాట్లది.

నాలుగవది, చాలామంది చూడనిది, డెసిబెల్సు. 1 వాటు ఇచ్చి 1 మీటరు దూరములో కొలిచిన శబ్దము అది. 3 డెసిబెల్సు పెరిగితే శక్తి రెట్టింపైనట్టు లెక్క. 91 ఉన్న స్పీకరుతో 20 వాట్ల యాంప్లిఫైయరు ఎంత మోగుతుందో, 94 ఉన్న స్పీకరుతో 10 వాట్లదే అంత మోగుతుంది. కొత్త యాంప్లిఫైయరు కొనాలనుకొనేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

బిగించేటప్పుడు

ముందుగా ప్లగ్గు తీయాలి. తీసిన తరువాత కూడ కొంతసేపు లోపల కరెంటు నిలువ ఉంటుంది గనుక సర్క్యూటు జోలికి పోకూడదు. వాల్వుల పెట్టెలో ఆ నిలువ ప్రాణాపాయము. అది తెలిసినవారికే అప్పగించాలి. ఏ తీగ ఏ కొనకు ఉన్నదో కాగితముమీద గీసుకోవాలి. ప్లస్ గుర్తు ఉన్న కొనకే ప్లస్ తీగ రావాలి. స్క్రూలు ఒకదాని తరువాత ఒకటి కాక, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. స్క్రూడ్రైవరు జారితే కోను చిరిగిపోతుంది, చెయ్యి అడ్డము పెట్టుకోవాలి.

మరొక మాట. మూడు కాళ్ళ ప్లగ్గులో ఎర్తు కాలు విరిచి వాడే అలవాటు మన ఊళ్ళలో ఉన్నది. గిటారు తీగలు లోహము, మైకు లోహము. ఎర్తు లేనప్పుడు గిటారు పట్టుకొని మైకుకు పెదవి ఆనిస్తే షాకు కొట్టవచ్చు. పిల్లల ప్రాణముతో ఆ పొదుపు వద్దు.

ఏమి మారింది, ఏమి మారలేదు

మేము ఒక 8 అంగుళాల గిటారు స్పీకరు తెప్పించాము. పెద్దాయన అరగంటలో బిగించాడు. మేము కొనదలచిన పెద్ద యాంప్లిఫైయరు ధరలో అది సగము కూడ కాలేదు. ధ్వని నిండుగా, స్పష్టముగా వచ్చింది. అయితే చిన్న పెట్టె చిన్న పెట్టే. లోతైన మోత దానికి రాదు. రెండు వందలమంది కూర్చున్న పందిరికి అది చాలదు, పాడేవారి మైకును దానికి తగిలించకూడదు. మీ యాంప్లిఫైయరు ధరే స్పీకరు ధరతో సమానముగా ఉంటే, మార్చుటకంటె డబ్బు కూడబెట్టి మంచిది కొనుట మేలు.

స్పీకరు బిగించిన తరువాతి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మేము లేచి, "ఇంతకాలము ఈ అబ్బాయిని అన్నాము. తప్పు అతని వేళ్ళలో లేదు, పెట్టెలో ఉన్నది. మొదట అన్నది మేమే గనుక మొదట క్షమాపణ అడిగేదీ మేమే" అని చెప్పాము. అతడు తల వంచుకొన్నాడు. వెనుక వరుసలో తల్లి కొంగుతో ముఖము కప్పుకొన్నది.

పాత స్పీకరును పారవేద్దామంటే అతడే వద్దన్నాడు. ఇప్పుడు ఆదివారపు బడి పిల్లలకు దానిని విప్పి చూపిస్తాడు. "ఇదిగో, ఇక్కడ రాసుకొంటున్నది, వినండి" అని కోను నొక్కుతాడు. పిల్లలు చెవులు దగ్గరపెట్టి వింటారు. ఆ మొదటి దినమున మేము చేయవలసిన పని కూడ అదే.