మాల్టాకు దారి కాగితాల మీదుగానే

మధ్యధరా సముద్రంలో చిన్న ద్వీప దేశం. స్వల్పకాలిక వీసా అడిగిన ప్రతి అయిదుగురిలో దాదాపు ఇద్దరిని 2024లో తిప్పి పంపింది. సగం కాగితాలు ఊళ్ళో, సగం సూరత్‌లో ఉన్న తెలుగు కుటుంబాలు దరఖాస్తు పెట్టే ముందు ఏం సర్దుకోవాలి?

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు వినిపించడం కొత్తేమీ కాదు. సిరిసిల్ల, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి దశాబ్దాల కిందటే వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ పాతుకుపోయాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. తొలి తరానికి ప్రయాణమంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్‌లో దిగడమే. మగ్గం నుంచి జాబ్‌వర్క్‌కు, అక్కణ్నుంచి చీరల దుకాణానికి ఎదిగిన ఇళ్ళలో ఇప్పుడు ప్రయాణమంటే పాస్‌పోర్టు. సూరత్ నుంచి 2019లో షార్జాకు, 2023 డిసెంబరులో దుబాయికి విమానాలు మొదలయ్యాక ఆ ఆశకు రెక్కలొచ్చాయి. గల్ఫ్ చూసివచ్చిన వారి చూపు సహజంగానే యూరప్ మీద పడుతోంది.

అలాంటి వారికి ఏజెంట్లు చూపించే గమ్యాల్లో మాల్టా ఒకటి. ఇటలీలోని సిసిలీకి దక్షిణాన ఉన్న ఈ దేశం విస్తీర్ణం 316 చదరపు కిలోమీటర్లు. అంటే సూరత్ నగరపాలక సంస్థ పరిధి కంటే చిన్నది. ఇంగ్లిష్ అక్కడ అధికార భాషల్లో ఒకటి. ‘థగ్స్ ఆఫ్ హిందోస్తాన్’ షూటింగ్ పుణ్యమా అని హిందీ సినిమా ప్రేక్షకులకూ దాని తీరం పరిచయమే. చిన్న దేశం కాబట్టి వీసా సులువని చాలామంది అనుకుంటారు. జరుగుతున్నది అందుకు పూర్తి భిన్నం. 2024లో మాల్టా తనకొచ్చిన స్వల్పకాలిక వీసా దరఖాస్తుల్లో 38 శాతానికి పైగా తిరస్కరించింది. షెంజెన్ దేశాలన్నిటిలోనూ ఇదే ఎక్కువ. అదే ఏడాది భారత్ నుంచి అన్ని షెంజెన్ దేశాలకూ కలిపి 11 లక్షలకు పైగా దరఖాస్తులు వెళ్తే సుమారు 1.65 లక్షలు తిరస్కరణకు గురయ్యాయి. కట్టిన ఫీజు మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు.

నియమాలు స్పష్టమే

మాల్టా 2004లో యూరోపియన్ యూనియన్‌లో, 2007 డిసెంబరులో షెంజెన్ ప్రాంతంలో చేరింది. అందువల్ల పర్యాటకులకు ఇచ్చేది షెంజెన్ వీసాయే. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండటానికి వీల్లేదు. 2024 జూన్‌లో పెంచిన ఫీజు పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ళ పిల్లలకు 45 యూరోలు. ఆరేళ్ళలోపు వారికి ఫీజు లేదు. పెద్దల ఫీజు రూపాయల్లో 9 వేలకు పైమాటే. దరఖాస్తు కేంద్రం వసూలు చేసే సేవా రుసుము దీనికి అదనం.

పాస్‌పోర్టు జారీ అయి పదేళ్ళు దాటకూడదు, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలల గడువు మిగలాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ప్రయాణ బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. పదిహేను రోజులలోపు పెడితే తీసుకోరు. నిర్ణయానికి సాధారణంగా 15 రోజులు పడుతుంది, సందేహం వస్తే 45 రోజుల దాకా సాగదీయవచ్చు. దీపావళి సెలవుల్లో వెళ్ళాలనుకునే సూరత్ కుటుంబం శ్రావణమాసంలోనే పని మొదలుపెట్టాలన్నమాట. తొలిసారి వెళ్ళేవారు వేలిముద్రలు ఇవ్వడానికి స్వయంగా హాజరు కావాలి. ఆ ముద్రలు 59 నెలల వరకు చెల్లుతాయి.

పేరు ఒకటే, రాత వేరు

నియమాలు అందరికీ ఒకటే అయినా చిక్కులు అందరికీ ఒకలా ఉండవు. సూరత్ తెలుగువారి అసలు సమస్య పేరుతోనే మొదలవుతుంది. తెలుగువారికి ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. గుజరాత్‌లో ముందు తన పేరు, నడుమ తండ్రి లేదా భర్త పేరు, చివర ఇంటిపేరు. ఊళ్ళోని భూమి కాగితాల్లో ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలిపోతుంది. సూరత్ బడి రిజిస్టరులో తండ్రి పేరు మధ్యలో చేరుతుంది. ఆధార్‌లో ఒక రాత, పాన్‌లో మరో రాత. పెళ్ళయిన మహిళల విషయంలో ఈ తేడాలు రెట్టింపవుతాయి. ఇంట్లోవారికి ఇవన్నీ ఒకే మనిషి పేర్లు. ఫైలు చూసే అధికారికి మాత్రం ముగ్గురు మనుషులు.

పుట్టిన ఊరిదీ ఇదే కథ. 2014లో తెలంగాణ ఏర్పడింది. 2016లో జిల్లాలు విడిపోయాయి. పాత పాస్‌పోర్టులో ‘కరీంనగర్, ఆంధ్రప్రదేశ్’ అని ఉన్నవారి కొత్త కాగితాల్లో ‘రాజన్న సిరిసిల్ల, తెలంగాణ’ అని ఉంటుంది. వీసా దరఖాస్తులో పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు నింపడమే క్షేమం. తేడా ఎందుకొచ్చిందో వివరిస్తూ ఒక పేజీ లేఖ జతచేస్తే అధికారి ఊహించుకునే పని తప్పుతుంది. వీలైతే దరఖాస్తుకు చాలా ముందే ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాలను పాస్‌పోర్టులోని రాతకు అనుగుణంగా సవరించుకోవాలి.

మూడోది ఆదాయం. మీటర్ల లెక్కన చేతికి నగదు అందుకునే నేత కార్మికుడికి పే స్లిప్ ఉండదు. డబ్బు ఉన్నా అది ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పే కాగితం లేకపోతే వీసా కౌంటరులో దానికి విలువ లేదు. దరఖాస్తుకు వారం ముందు బంధువుల దగ్గర సర్దుకుని ఖాతాలో వేసిన పెద్ద మొత్తం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. నెలనెలా జమలు, ఖర్చులు కనిపించే ఖాతా చిన్నదైనా నమ్మదగినది. 2017 జులైలో జీఎస్టీని వ్యతిరేకిస్తూ సూరత్ వస్త్ర వ్యాపారులు రోజుల తరబడి దుకాణాలు మూసేశారు. చిత్రమేమిటంటే, ఆనాడు వద్దన్న ఆ రిటర్నులే నేడు చిన్న వ్యాపారి వీసా ఫైలుకు వెన్నెముక. వాటికి తోడు రెండు మూడేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నులు, ఉద్యోగులైతే యజమాని ఇచ్చిన సెలవు పత్రం ఉండాలి.

అధికారి ప్రధానంగా వెతికేది ఒక్కటే. ఈ మనిషి తిరిగి వెళ్తాడా? సూరత్‌లో దుకాణం అద్దె ఒప్పందం, పిల్లల బడి ఫీజు రసీదు, ఊళ్ళో ఇల్లు, పొలం కాగితాలు ఈ ప్రశ్నకు జవాబులు. రెండు రాష్ట్రాల్లో వేళ్ళుండటం ఇక్కడ బలహీనత కాదు, చూపించగలిగితే బలమే. తెలుగు, గుజరాతీ కాగితాలకు ఇంగ్లిష్ అనువాదం మాత్రం మరవకూడదు.

తియ్యటి మాట, చేదు గతం

మాల్టాలో హోటళ్ళు, ఆసుపత్రులు, ఆహారం చేరవేసే సంస్థల్లో పనిచేస్తున్న భారతీయులు గత కొన్నేళ్ళలో బాగా పెరిగారు. దీన్ని ఆసరా చేసుకునే ఏజెంట్లు ‘ముందు విజిట్ వీసా మీద వెళ్ళండి, పని అక్కడ చూసుకోవచ్చు’ అంటారు. పర్యాటక వీసాపై పని చేయడం చట్టవిరుద్ధం. ఉద్యోగానికి దారి వేరు. యజమాని నుంచి ఒప్పందం, అక్కడి ప్రభుత్వం ఇచ్చే ‘సింగిల్ పర్మిట్’ అనుమతి కావాలి. విదేశీ ఉద్యోగం ఇప్పిస్తాననే ఏజెంటుకు మన విదేశాంగ శాఖ వద్ద రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

దొంగ బ్యాంకు స్టేట్‌మెంటు, ఉత్తుత్తి హోటల్ బుకింగు పెట్టినా అంతే. తిరస్కరణ వివరాలు షెంజెన్ దేశాల ఉమ్మడి వీసా సమాచార వ్యవస్థలో అయిదేళ్ళు నిలిచి ఉంటాయి. మాల్టా కాకపోతే ఫ్రాన్స్ అనుకోవడానికి లేదు. అక్కడి అధికారి ముందూ అదే చరిత్ర తెరుచుకుంటుంది. న్యాయంగా పెట్టిన దరఖాస్తును కాదంటే కారణం రాతపూర్వకంగా ఇస్తారు, అప్పీలు చేసుకునే హక్కూ ఉంది.

కాగితాల్లేని ప్రయాణం ఎక్కడ తేలుతుందో ఆ సముద్రమే ఒకసారి చూపించింది. 1996 డిసెంబరు 25 రాత్రి మాల్టా, సిసిలీల మధ్య ఒక చిన్న పడవ మునిగి భారత్, పాకిస్తాన్, శ్రీలంకలకు చెందిన 280 మందికి పైగా చనిపోయారు. దళారులకు డబ్బు కట్టి యూరప్‌కు బయల్దేరినవారే వారంతా. ఆ పడవ శిథిలాలు సముద్రగర్భంలో కెమెరాకు చిక్కడానికి 2001 దాకా పట్టింది.

మాల్టా పేరుతోపాటు ఏజెంట్లు జోడించి చెప్పే మరో ద్వీపం సైప్రస్. రెండూ 2004లో ఒకే రోజు యూరోపియన్ యూనియన్‌లో చేరాయి. కానీ 2025 ముగిసేనాటికి సైప్రస్ షెంజెన్‌లో లేదు. అక్కడి జాతీయ వీసాతో మాల్టాలో అడుగుపెట్టలేరు. పైగా 1974 నుంచి ఆ దీవి రెండు ముక్కలై ఉంది. ఉత్తర భాగంలోని విమానాశ్రయంలో దిగడాన్ని సైప్రస్ ప్రభుత్వం అక్రమ ప్రవేశంగా చూస్తుంది.

దారిలో జాగ్రత్తలు

వీసా చేతికొచ్చాక తొందరపడకూడని చోటు టికెట్టు. సూరత్ నుంచి దుబాయికి ఒక టికెట్టు, దుబాయి నుంచి మాల్టాకు వేరే టికెట్టు తీసుకుంటే కొంత మిగలవచ్చు. అయితే సామాను దుబాయిలో తీసుకుని మళ్ళీ అప్పగించాల్సి వస్తే యూఏఈలోకి ప్రవేశించినట్టే. దానికి విడిగా వీసా కావాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి ఒకే పేరున్న వారిని పర్యాటక వీసాపై అనుమతించబోమని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించింది. ఇంటిపేరు గడిని పట్టించుకోని తెలుగువారికి ఇదో హెచ్చరిక. ముంబయి నుంచి చివరిదాకా ఒకే టికెట్టు తీసుకోవడమే తలనొప్పి లేని మార్గం.

సరిహద్దు వద్ద ముద్ర కొట్టే పద్ధతి స్థానంలో 2025 అక్టోబరు 12 నుంచి వేలిముద్రలు, ఫోటోతో రాకపోకలు నమోదు చేసే కొత్త వ్యవస్థ దశలవారీగా మొదలైంది. 90 రోజుల లెక్క ఇక కంప్యూటరే చూసుకుంటుంది. హోటల్ బుకింగు, తిరుగు టికెట్టు, బీమా ప్రతులు చేతిసంచిలో ఉండాలి. బంధువుల ఇంట్లో దిగేవారు వారి చిరునామా, ఆహ్వాన పత్రం దగ్గర ఉంచుకోవాలి.

చేరాక ఏముంది?

• జులై, ఆగస్టుల్లో ఎండా, జనమూ ఎక్కువ. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరు నెలలు అనువైనవి.

• రాజధాని వాలెట్టాలోని సెయింట్ జాన్స్ కో-కెథెడ్రల్‌లో కారవాజ్జో 1608లో గీసిన భారీ చిత్రం ఉంది. అదే ఏడాది ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ నౌక ‘హెక్టర్’ సూరత్ తీరానికి చేరింది.

• గోజో దీవిలోని జ్గాంతియా రాతి ఆలయాలు ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతవి. ప్రధాన దీవి నుంచి ఫెర్రీలో అరగంటలోపే వెళ్ళవచ్చు.

• భూగర్భంలోని హైపోజియం లోపలికి గంటకు పదిమందినే పంపుతారు. టికెట్టు చాలా ముందే కొనాలి.

• ‘అజూర్ విండో’ అనే రాతి తోరణం 2017 మార్చిలో కూలిపోయింది. పాత ఫోటోలు చూపించే ప్యాకేజీలను నమ్మవద్దు.

• శాకాహారులకు బటాణీ కూరిన ‘పాస్టిత్సి’ చవకైన ఆహారం. జున్ను కూరినదీ దొరుకుతుంది.

• వాహనాలు మనలాగే ఎడమవైపే నడుస్తాయి. కరెంటు ప్లగ్గు మాత్రం చదరపు మూడు పిన్నుల బ్రిటిష్ రకం. అడాప్టర్ తీసుకెళ్ళాలి.

గడువులోగా తిరిగి రావడం కూడా రేపటికి ఒక కాగితమే. 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ భారతీయుల కోసం తెచ్చిన పద్ధతి ప్రకారం, మూడేళ్ళలో రెండు షెంజెన్ వీసాలు సక్రమంగా వాడుకున్నవారు రెండేళ్ళ బహుళ ప్రవేశ వీసాకు, ఆ తర్వాత అయిదేళ్ళ వీసాకు అర్హులవుతారు. మొదటిసారి ఫైలు నిజాయితీగా కూర్చి, చెప్పిన రోజుకు సూరత్‌లో దిగిన కుటుంబానికి రెండోసారి దారి కాస్త సులువవుతుంది.