హెచ్చరిక దీపం అబద్ధమాడిన రోజు

2012 మే 10. స్కాట్లండ్‌లోని అబర్డీన్ నుంచి ఉత్తర సముద్రంలోని ఓ డ్రిల్లింగ్ రిగ్గుకు ఈసీ225 సూపర్ ప్యూమా హెలికాప్టర్ బయల్దేరింది. లోపల 12 మంది ప్రయాణికులు, ఇద్దరు పైలట్లు. తీరానికి 60 కిలోమీటర్లు దాటాక ప్రధాన గేర్‌బాక్స్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోయింది.

పైలట్లు అత్యవసర లూబ్రికేషన్‌ను ఆన్ చేశారు. గ్లైకాల్ ద్రవాన్ని గాలితో కలిపి గేర్ల మీద చిమ్ముతూ మరో అరగంట ఎగరనిచ్చే ఏర్పాటది. కాసేపటికే అదీ పనిచేయడం లేదంటూ ఇంకో దీపం వెలిగింది. అలాంటప్పుడు నిబంధన ఒక్కటే: వెంటనే దిగాలి. కిందేమో సముద్రం. ఫ్లోట్ల సాయంతో నీళ్ల మీదే దింపారు. 14 మందీ బతికారు. అక్టోబర్ 22న షెట్లాండ్ దీవుల దగ్గర అదే రకం హెలికాప్టర్‌కు అచ్చం ఇలాగే జరిగింది. అందులోని 19 మందీ క్షేమంగా బయటపడ్డారు.

ఇంజిన్లు నిమిషానికి వేల చుట్లు తిరుగుతాయి. పైన రెక్కలు తిరిగేది మూడు వందల చుట్ల లోపే. ఆ వేగాన్ని తగ్గించి రెక్కలకు బలాన్ని అందించేది గేర్‌బాక్స్. ఇంజిన్ ఆగిపోయినా, కిందికి దిగేటప్పుడు ఎదురొచ్చే గాలికి రెక్కలు తిరుగుతాయి కాబట్టి అదుపు తప్పకుండా దిగొచ్చు. గేర్‌బాక్స్ బిగుసుకుపోతే ఆ దారీ మూసుకుపోతుంది.

బ్రిటన్ దర్యాప్తు బృందం రెండు గేర్‌బాక్సుల్నీ విప్పి చూసింది. నూనె పంపుల్ని తిప్పే నిలువు షాఫ్ట్ చుట్టూతా పగిలిపోయి ఉంది. పగులు మొదలైన చోట ఉన్నదల్లా మిల్లీమీటరులో పదో వంతు లోతు కూడా లేని తుప్పు గుంట. అసలు వింత వేరే ఉంది. అత్యవసర లూబ్రికేషన్ రెండుసార్లూ బాగానే పనిచేసింది! ప్రెషర్ స్విచ్‌ల అమరికకూ హెలికాప్టర్ వైరింగ్‌కూ పొంతన కుదరక దీపం తప్పుగా వెలిగింది.

అంతకు మూడేళ్ల ముందు కెనడాలో తప్పు రెండో వైపు జరిగింది. 2009 మార్చి 12న సెయింట్ జాన్స్ నుంచి చమురు క్షేత్రాలకు వెళ్తున్న సికోర్‌స్కీ ఎస్‌-92లో ఆయిల్ ఫిల్టర్‌ను పట్టి ఉంచే టైటానియం స్టడ్లు విరిగి నూనెంతా కారిపోయింది. నూనె లేకున్నా అరగంట ఎగరగలదన్న నమ్మకం ఆ హెలికాప్టర్ గురించి ప్రచారంలో ఉండేది. పైలట్లు ఒడ్డు వైపు తిప్పారు. నూనె పోయిన దాదాపు 11 నిమిషాలకు అది సముద్రంలో కూలింది. 18 మందిలో బతికింది ఒక్కరే.

నీళ్ల మీద సవ్యంగా దిగినా గండం గట్టెక్కినట్టు కాదు. ఇంజిన్లు, గేర్‌బాక్స్ బరువంతా పైనే ఉండటంతో అలలకు హెలికాప్టర్ ఇట్టే తలకిందులవుతుంది. అందుకే రిగ్గు సిబ్బందిని ముందుగా ఈతకొలనులో నమూనా క్యాబిన్‌లో కూర్చోబెట్టి ముంచి, తిరగేస్తారు. ఒక చెయ్యి కిటికీ అంచున ఉంచాలి. కుదుపు ఆగాక కిటికీని తోసి, అప్పుడే బెల్టు విప్పాలి. తొందరపడి ముందే విప్పితే దిక్కు తెలియదు. ఈ ముప్పు మన సముద్రంలోనూ ఉంది: 2022 జూన్ 28న ముంబై తీరానికి ఆవల ఓఎన్‌జీసీ సిబ్బందితో వెళ్తున్న హెలికాప్టర్ సాగర్ కిరణ్ రిగ్గు దగ్గర నీళ్లలో పడి, తొమ్మిది మందిలో నలుగురు చనిపోయారు.

బ్రిటన్‌లో 2014 తర్వాత నిబంధనలు బిగించారు. నీళ్లలో ఊపిరి అందించే చిన్న పరికరం ప్రయాణికులకు తప్పనిసరైంది. ఇప్పుడు అక్కడ రిగ్గుకు వెళ్లేవారి భుజాల వెడల్పు కూడా కొలుస్తారు. 22 అంగుళాలు లేదా అంతకు మించి ఉన్నవారిని పెద్ద కిటికీ పక్కనే కూర్చోబెడతారు.