తెలిసిన పేర్లు, తెలియని ప్రమాదం: రాయచోటి నేపథ్యంలో హింసాత్మక నేరాలు, పోలీసు సన్నద్ధత

వ్యాససంగ్రహం: రాయలసీమలో హింసను అరికట్టే పోలీసు విధానం ముఠాకక్షల కాలంలో రూపుదిద్దుకొంది. ఎవరికి ఎవరు శత్రువులో ముందే తెలిసి ఉండటం దానికి ఆధారం. 2024, 2025 సంవత్సరాలలో రాయచోటి ప్రాంతంలో జరిగిన సంఘటనలను బట్టి ఆ ఆధారం నేడు ఎంతవరకు సరిపోతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రాయచోటి, ముఠాకక్షలు, రౌడీషీటు, బైండోవర్, నేర గణాంకాలు, పోలీసు సన్నద్ధత.

1. ఉపోద్ఘాతం

ఏటా డిసెంబరు చివరలో జిల్లా ఎస్పీలు వార్షిక నేర నివేదికను విలేకరుల ముందు ఉంచుతారు. హత్యలు, హత్యాయత్నాలు, దోపిడీలు నిరుటికన్నా తగ్గాయా, పెరిగాయా అన్నదే అందులో ప్రధానాంశం. రాయలసీమలో పనిచేసిన అధికారులు సాధారణంగా దీనికి మరొక మాట చేరుస్తారు: ముఠాకక్షలు సద్దుమణిగాయని. ఇది కేవలం శాఖ ఆత్మస్తుతి అనలేం. నాటుబాంబులతో, వేటకొడవళ్ళతో ఊరిమీద పడి ప్రత్యర్థులను చంపే దాడులు 1990ల నాటి స్థాయిలో నేడు లేవు. అయితే ఒక రకం హింస తగ్గిందని చెప్పడం, ఇతర రకాల హింసకు శాఖ సిద్ధంగా ఉందని చెప్పడం వేర్వేరు విషయాలు. మొదటిదాన్ని రెండవదానికి రుజువుగా చూపడం తరచుగా జరిగే పొరపాటు.

2. ముఠాకక్షలు నేర్పిన పద్ధతి

ముఠా హింసలో ఒక విచిత్రమైన బహిరంగత ఉంది. చంపినవారెవరో ఊరందరికీ తెలుసు. తరువాతి దెబ్బ ఎవరిమీద పడుతుందో కూడా చాలావరకు తెలుసు. కనుక పోలీసు పని ప్రధానంగా పేర్ల జాబితాను పట్టుకొని సాగింది. కక్షలున్న గ్రామాలను గుర్తించడం, పికెట్లు పెట్టడం, గడ్డివాములలో, బావులలో బాంబుల కోసం వెతకడం, ఇరువర్గాల వారినీ తహశీల్దారు ఎదుట బైండోవర్ చేయించడం, రౌడీషీట్లు తెరవడం దాని అంగాలు. 1995-97 మధ్య కడప ఎస్పీగా ఉన్న ఉమేశ్‌చంద్ర పేరును ఆ జిల్లా ప్రజలు నేటికీ తలచుకొనడానికి ముఠానాయకుల పట్ల ఆయన చూపిన కాఠిన్యమే ప్రధాన కారణం.

ఈ పద్ధతి ఫలించింది, దాని మూల్యమూ ఉంది. ఫిర్యాదులో ప్రత్యర్థి వర్గంలోని ముఖ్యులందరి పేర్లూ చేర్చడం, విచారణ నాటికి సాక్షులు ఎదురుతిరగడం, పెద్దమనుషుల రాజీతో కేసు వీగిపోవడం సీమ న్యాయస్థానాలకు పరిచితమైన క్రమం. నివారణ చర్యలే కొండంత అండ కావడంతో దర్యాప్తు వెనుకబడింది. ఆ నివారణ చర్యల చట్టబద్ధత కూడా ప్రశ్నార్థకమయింది. కేవలం పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల బలంతో, చట్టం ఆధారం లేకుండా రౌడీషీట్లు తెరవడం, కొనసాగించడం చెల్లదని 2022 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం తీర్పునిచ్చింది. దానిపై ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది. అప్పీలు ఫలితం ఎలా ఉన్నా, షీటు తెరవడమే నిఘా అనుకొనే అలవాటుకు అది గట్టి ప్రశ్న.

3. గణాంకాల పరిమితి

జాతీయ నేర గణాంక సంస్థ ప్రకారం 2022లో దేశంలో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. వాటిలో 9,962 కేసులకు వివాదాలు, 3,761 కేసులకు వ్యక్తిగత కక్ష లేదా శత్రుత్వం, 1,884 కేసులకు ధనాశ కారణాలుగా చూపబడ్డాయి. ‘ముఠాకక్ష’ అనేది చట్టం గుర్తించిన నేరం కాదు. పొలం గట్టు తగాదా వెనుక రెండు తరాల వైరం ఉన్నా, పట్టికలో అది వివాదంగా కనిపించవచ్చు. పైగా ఒకే ఘటనలో అనేక నేరాలుంటే అన్నిటికన్నా తీవ్రమైనదే లెక్కకు వస్తుంది. కాబట్టి ముఠాకక్షలు తగ్గాయన్న అధికారుల అభిప్రాయం ప్రధానంగా స్టేషన్ అనుభవం నుండి వచ్చినదే. అనుభవానికి విలువ లేదని కాదు. అది బదిలీతో పాటు వెళ్ళిపోతుంది.

4. రాయచోటి చూపిన మూడు సంఘటనలు

కడప జిల్లాలో భాగంగా ఉన్న రాయచోటి 2022 ఏప్రిల్ 4న అన్నమయ్య జిల్లా కేంద్రమయింది. దానితో ఎస్పీ కార్యాలయం పట్టణానికి వచ్చింది. తరువాతి మూడేళ్ళలో కొత్త జిల్లా ఎదుర్కొన్న ముఖ్యమైన సంఘటనలు పాత జాబితాలకు అందనివి.

2024 ఫిబ్రవరిలో ఎర్రచందనం రవాణాను అడ్డుకొనబోయిన టాస్క్‌ఫోర్స్ కానిస్టేబుల్ ఒకరు స్మగ్లర్ల వాహనం ఢీకొని మరణించారు. అదే ఏడాది డిసెంబరు 27న గాలివీడు మండల పరిషత్ కార్యాలయంలోనే ఎంపీడీవోపై దాడి జరిగింది. మొదటిది అంతర్రాష్ట్ర వ్యాపారం తెచ్చిన హింస. రెండవది స్థానికాధిపత్యానికి చెందినది. ముఠాకక్షకు దూరపు బంధువు అనవచ్చు.

మూడవది వీటన్నిటికన్నా ఇబ్బందికరమైన ప్రశ్న వేసింది. తమిళనాడు బాంబు పేలుళ్ళ కేసులలో పాతికేళ్ళకు పైగా పరారీలో ఉన్న ఇద్దరు నిందితులను రాయచోటిలో పట్టుకొన్నట్లు 2025 జులై 1న ఆ రాష్ట్ర పోలీసులు ప్రకటించారు. మారుపేర్లతో చిన్న వ్యాపారాలు చేసుకొంటూ వారు ఏళ్ళ తరబడి ఆ పట్టణంలోనే ఉన్నారు. తరువాత ఆంధ్రప్రదేశ్ పోలీసులు జరిపిన సోదాలలో పేలుడు పదార్థాలు దొరికాయి. అభియోగాలు న్యాయస్థానంలో తేలవలసినవి. పరిశీలించవలసినది సమాచారం నడిచిన దిశ. ప్రతి ఊరి కక్షలనూ కంఠస్థం చేసిన వ్యవస్థకు, ఎవరితోనూ తగాదా పడనివారు కనబడలేదు. వారిమీద షీటు లేదు, బైండోవర్ లేదు. ఆచూకీ పొరుగు రాష్ట్రం నుండి రావలసి వచ్చింది.

దీనికి విరుగుడుగా ఒక వర్గం నివసించే వీధులన్నిటినీ అనుమానంగా చూడటం మొదలుపెడితే, పాత జాబితా స్థానంలో మరింత పెద్ద జాబితా వస్తుంది. సమాచారం ఇవ్వగలిగినవారు ఆ వీధులలోని ఇంటి యజమానులు, దుకాణదారులే. వారు స్టేషనుకు రావడానికి జంకితే నష్టం పోలీసులదే.

5. సన్నద్ధత: బలగమా, దర్యాప్తా?

2024 మే ఎన్నికల అనంతర హింస దీన్ని మరోవైపు నుండి చూపుతుంది. పల్నాడులో, తాడిపత్రిలో ఘర్షణ పడినవారు పోలీసులకు కొత్తవారు కారు. ఆ పేర్లు తెలిసి ఉండటం కూడా సరిపోలేదు. ఎన్నికల సంఘం పల్నాడు, అనంతపురం ఎస్పీలను సస్పెండ్ చేసింది, తిరుపతి ఎస్పీని బదిలీ చేసింది. ప్రత్యేక దర్యాప్తు బృందం ఏర్పడింది. జాబితా ఉండి కూడా దానిని సకాలంలో, పక్షపాతం లేకుండా వాడే స్వేచ్ఛ కొరవడితే సన్నద్ధత కాగితం దాటదు.

శాంతిభద్రతల విధుల నుండి దర్యాప్తును వేరుచేయాలని ప్రకాశ్‌సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఆదేశించింది. తిరునాళ్ళ బందోబస్తుకు, మంత్రి పర్యటనకు, హత్య కేసు దర్యాప్తుకు ఒకే ఎస్సై పరుగెత్తే స్టేషన్లలో ఆ ఆదేశం ఇంకా దూరంగానే ఉంది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 176(3) సెక్షన్ ఏడేళ్ళు, అంతకు పైబడి శిక్షపడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి రావాలంటుంది. ఏ తేదీ నుండి అమలుచేయాలో ప్రకటించేందుకు రాష్ట్రాలకు ఐదేళ్ళ వ్యవధి ఇచ్చింది. సాక్షులు ఎదురుతిరిగే ప్రాంతంలో రక్తపు మరక, బాంబు శకలం, ఫోన్ సంకేతం మాట మార్చవు. సీమకు ఈ సెక్షన్ అవసరం మిగతా ప్రాంతాలకన్నా ఎక్కువ. గాలివీడు, చిన్నమండెం వంటి మండలాలలో హత్య జరిగిన పూట ఆ నిపుణుడు ఎక్కడి నుండి బయలుదేరుతాడు, మరకలు చెదరకముందే చేరగలడా అన్నవాటికి వార్షిక నేర నివేదికలో గడి లేదు.