పట్టేసిన జీపు జాయింటును విడదీయడం ఎలా?

మన గూడేలకు పోయే దారులు మీకు తెలియనివి కావు. నంద్యాల జిల్లా (2022 దాకా కర్నూలు జిల్లా) ఆత్మకూరు దాటి బైర్లూటి, నాగలూటి వైపు నల్లమలలోకి పోతే అన్నీ రాళ్ళు, వాగులు, దుమ్మే. జొరమొచ్చినోళ్ళను ఆస్పత్రికి తీసుకుపోవాలన్నా, బియ్యం మూటలు రావాలన్నా చాలాచోట్ల జీపే దిక్కు. ఆ జీపు కింద "టక్ టక్" అని చప్పుడు మొదలైతే కారణం చాలాసార్లు షాఫ్టు జాయింటే. దసరా సెలవుల్లో మా చిన్నాయన పని చేసే షెడ్డులో చూసి నేర్చుకున్నది మీకు చెబుతాను.

జాయింటు అనగా ఏమి?

ఇంజను బలం గేరుబాక్సు నుండి వెనక చక్రాలకు ఒక పొడవాటి గొట్టం ద్వారా పోతుంది. దాని పేరు ప్రొపెల్లర్ షాఫ్టు. గేరుబాక్సు ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. వెనక ఇరుసు మాత్రం కమాను కట్టల మీద పైకీ కిందికీ ఎగురుతుంది. అందువలన షాఫ్టు వంగుతూ తిరగాలి. దానికోసమే రెండు కొసల్లో జాయింట్లు పెట్టారు. జాయింటు నడుమ కూడిక గుర్తు మాదిరి ఇనుప ముక్క ఉంటుంది. మెకానిక్కులు దీన్ని "క్రాసు" అంటారు. దాని నాలుగు చేతులకు నాలుగు కప్పులు. కప్పు లోపల సూదుల్లాంటి సన్నని రోలర్లు వరసగా ఉంటాయి. పుస్తకాల్లో దీన్నే హుక్ జాయింటు అంటారు. 17వ శతాబ్దపు ఇంగ్లాండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ పేరు మీద ఆ పేరు వచ్చింది.

ఎందుకు పట్టేస్తుంది?

వాగు దాటేటప్పుడు నీళ్ళు, ఎండాకాలం దుమ్ము కప్పుల్లోకి దూరతాయి. గ్రీజు కొట్టకపోతే సూదులు తుప్పుపట్టి అతుక్కుపోతాయి. అప్పుడు జాయింటు వంగదు, షాఫ్టు అదురుతుంది. అట్లే నడిపితే ఒకనాడు తెగి కింద పడుతుంది.

విడదీసే పద్ధతి

1. ముందు రాళ్ళు. బండిని చదునైన చోట ఆపి, చక్రాలకు ముందూ వెనకా పెద్ద రాళ్ళు పెట్టాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. పాత విల్లీస్ రకం జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాలను పట్టదు, గేరుబాక్సు వెనక షాఫ్టునే పడుతుంది. ఆ షాఫ్టు విప్పితే బ్రేకూ పని చేయదు, గేరూ ఆపదు. నేను ఆత్రంగా పానా తీసుకొని బండి కిందికి దూరబోతే చిన్నాయన రెక్క పట్టి లాగినాడు. "అబ్బీ, ముందు రాయి పెట్రా! బండి నీ మీదికి వస్తే నీ తెలివి యాడికి పోతాది?" అన్నాడు.

2. గుర్తు. విప్పేముందు షాఫ్టుకూ దాన్ని బిగించిన చోటుకూ సుద్దతో గీత గీయాలి. తిరిగి అదే వరసలో బిగించకపోతే కొత్త క్రాసు వేసినా బండి అదురుతుంది.

3. సర్‌క్లిప్పులు. ఇనుప బ్రష్షు, కిరసనాయిలుతో మట్టి కడిగి, కప్పులను ఆపే సర్‌క్లిప్పులు తీయాలి. ఇవి ఎగిరి కంట్లో పడతాయి, మొహం పక్కకు తిప్పుకోవాలి. ఒక్క క్లిప్పు మట్టిలో కనపడక మిగిలినా కప్పు రాదు. సుత్తితో బాదితే షాఫ్టు చెవి వంగిపోతుంది.

4. నానబెట్టడం. డీజిలు పోసి రాత్రంతా వదిలేయాలి. పొద్దున డీజిలు బాగా తుడిచి, కప్పు చుట్టూ ఉండే చెవి మీద మరిగే నీళ్ళు పోయాలి. వేడికి ఇనుము వ్యాకోచిస్తుందని సైన్సులో చదివాము గదా! 27 మిల్లీమీటర్ల రంధ్రం 70 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.02 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అది వెంట్రుక మందం కన్నా తక్కువే, కానీ తుప్పు పట్టు సడలడానికి సాయపడుతుంది.

5. నొక్కడం. వైసులో పెట్టి ఒకవైపు కప్పుకన్నా చిన్న సాకెట్, రెండోవైపు కప్పు పట్టేంత పెద్ద సాకెట్ ఉంచి మెల్లగా బిగించాలి. కప్పు పెద్ద సాకెట్‌లోకి జరుగుతుంది. తర్వాత తిప్పి రెండో కప్పు తీయాలి.

విడిపోయినంత మాత్రాన బాగైనట్టు కాదు

క్రాసు చేతులు తుడిచి గోటితో గీరి చూడాలి. సూదుల గాట్లు తగిలితే దాన్ని పారేసి కొత్తది వేయాలి. నున్నగా ఉంటే కడిగి, సూదులన్నీ లెక్కపెట్టి గ్రీజుతో అంటించి బిగించాలి. ఒక్క సూది కప్పు అడుగున పడినా క్లిప్పు కూర్చోదు. బిగించాక జాయింటు చేత్తో అన్ని పక్కలకూ వంగాలి. గ్రీజు గన్నుతో నాలుగు కప్పుల నుండీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి.

ఇంత కష్టం రాకుండా ఉండాలంటే లోతైన వాగు దాటిన ప్రతిసారీ గ్రీజు కొడితే చాలు. అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలు బద్ధకిస్తే, అర్ధరాత్రి కాన్పు నొప్పులతో ఉన్న అమ్మ అడవి నడుమ ఆగిపోవాల్సి వస్తుంది. మీ గూడేనికి వచ్చే జీపు డ్రైవరన్నను ఈసారి అడగండి: "అన్నా, గ్రీజు కొట్టి ఎన్నాళ్ళయింది?"

– తొమ్మిదో తరగతి విద్యార్థి