హైదరాబాద్ పేరు రాసుకున్న బైప్లేన్

నిజంగా ఉన్న వస్తువును అన్ని కొలతల్లోనూ ఒకే నిష్పత్తిలో కుదించి, దాని రూపమూ రంగూ కట్టుబడీ తప్పకుండా తిరిగి చేసిన నమూనాను స్కేల్ మోడల్ అంటారు. ఆటబొమ్మలో రెక్క కొంచెం పొట్టిదైనా, చక్రం కొంచెం పెద్దదైనా పట్టించుకునేవారుండరు గాని, స్కేల్ మోడల్‌లో అసలు విమానం పొడవును ఏ అంకెతో భాగించారో చక్రం వ్యాసాన్నీ, తుపాకి గొట్టాన్నీ, చివరికి రెక్కల మధ్య బిగించిన తీగ మందాన్నీ అదే అంకెతో భాగించాలి. విమానాల నమూనాలకు ఎక్కువగా వాడే కొలత డెబ్బై రెండో వంతు. ఆ లెక్కన ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం ఎత్తుంటాడు. అడుగులూ అంగుళాలూ వాడుకలో ఉన్న ఇంగ్లండులో 1930లలో మొదలైన ఈ అలవాటు, 1936లో ఫ్రాగ్ పెంగ్విన్ పేరుతో తొలి ప్లాస్టిక్ కిట్లు వచ్చాక స్థిరపడి ప్రపంచమంతా పాకింది. నలభై ఎనిమిదో వంతు, ముప్పై రెండో వంతు నమూనాలు కూడా విరివిగానే వస్తున్నాయి.

ఒకదానిపై ఒకటిగా రెండు వరుసల రెక్కలున్న విమానాన్ని బైప్లేన్ అంటారు. పాత బైప్లేన్లలో తెలుగు పాఠకుడు తన చేతులతో చేసి చూడవలసినది ఏదంటే, హైదరాబాద్ పేరును ఒంటిమీద రాసుకుని ఐరోపా ఆకాశంలో ఎగిరిన డి హావిలండ్ డిహెచ్ 9ఎ అని చెప్పాలి. మొదటి ప్రపంచయుద్ధం చివరి ఏడాదిలో, 1918లో, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు ఈ రకం విమానాలు సమకూరాయి. ఈ రకాన్ని యుద్ధానికి తీసుకుపోయిన మొదటి దళం అదే; దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు కూడా వచ్చింది. ప్రతి విమానం పక్కన, అది హైదరాబాద్ నిజాం ప్రభువు బహూకరించినదని తెలిపే ఆంగ్ల వాక్యం రాసి ఉండేది. ప్రభువు పేరు మాత్రమే కనిపించే ఆ వాక్యం వెనుక, ఖజానాను నింపిన తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతులు కూడా ఉన్నారన్న సంగతి మరువరాదు.

ఆ విమానాల్లో ఒకటి నేటికీ మిగిలి ఉండటం విశేషం. ఎఫ్ 1010 అనే సంఖ్య, హైదరాబాద్ 12ఎ అనే పేరు గల ఆ విమానం 1918 అక్టోబర్ 5న జర్మనీపై బాంబుదాడికి వెళ్లి శత్రువుల నేలమీద దిగిపోవలసి రాగా, అందులోని కెప్టెన్ ఇంగ్లిస్, సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ ఇద్దరూ యుద్ధఖైదీలయ్యారు. చేజిక్కిన విమానాన్ని జర్మన్లు బెర్లిన్‌లోని మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో బెర్లిన్‌పై బాంబులు పడుతుంటే ఆ సేకరణలో కొంత తూర్పుకు తరలగా, ఇది పోలండ్‌కు చేరి క్రాకోవ్ మ్యూజియం పాలైంది. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని ఇచ్చి దీన్ని మార్పిడి చేసుకుని, రెక్కలు కొత్తగా కట్టించి, లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో నిలిపింది. మనదేశంలో దీనికి దగ్గరి చుట్టం వెస్ట్‌లాండ్ వాపిటి. డిహెచ్ 9ఎ రెక్కలనూ మరికొన్ని భాగాలనూ వాడుకుని రూపొందించిన ఈ విమానాలతోనే 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్‌లో భారత వైమానిక దళపు మొదటి స్క్వాడ్రన్ ఏర్పడింది. ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో వాపిటిని చూడవచ్చు.

అసలు విమానం రెక్కల వెడల్పు దాదాపు 14 మీటర్లు, పొడవు 9 మీటర్లకు కొంచెం పైన. డెబ్బై రెండో వంతుకు కుదిస్తే రెక్కలు 19 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువగా వచ్చి చేతిలో ఇమిడిపోతాయి. ముప్పై రెండో వంతులో 44 సెంటీమీటర్లయి బీరువాలో ఒక అరను పూర్తిగా ఆక్రమిస్తాయి. ఆ పెద్ద కొలతలో న్యూజిలాండ్‌కు చెందిన వింగ్‌నట్ వింగ్స్ సంస్థ మంచి కిట్‌ను తెచ్చింది గాని, 2020లో సంస్థే మూతపడింది. కిట్ దొరకనివారు నిర్మాణ చిత్రాలు ముందు పెట్టుకుని తేలికపాటి చెక్కతో, ప్లాస్టిక్ రేకుతో మొదటినుంచీ చేసుకోవడం ఈ విద్యలో పాత దారే.

చెక్కదారి తెలుగు చేతులకు కొత్తది కాదు. కొండపల్లి బొమ్మలవారు తేలికైన తెల్లపొణికి చెక్కను భాగాలు భాగాలుగా చెక్కి, చింతగింజల పొడికి రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సందులు పూడ్చి, సున్నపు పూత ఆరాక రంగులు వేస్తారు. విమాన నమూనా పని కూడా ఇదే వరుసలో నడుస్తుంది. మక్కు స్థానంలో పుట్టీ, సున్నపు పూత స్థానంలో ప్రైమర్ వస్తాయి. రంగు పట్టుకునేలా చేయడమే గాక, కంటికి ఆనని గీతలనూ గుంటలనూ బయటపెట్టడం ప్రైమర్ చేసే అసలు మేలు. ప్లాస్టిక్ కిట్‌కు వాడే పలుచని సిమెంట్ మాత్రం మామూలు జిగురు కాదు. అది రెండు ముక్కల అంచులనూ కరిగించి ఒకటిగా కలిపేస్తుంది కాబట్టి, ఒక్క చుక్క ఎక్కువైతే ఆ భాగం మీద వేలిముద్ర శాశ్వతంగా మిగిలిపోతుంది.

బైప్లేన్ నమూనా తక్కిన విమానాల నమూనాలకంటే కష్టమైనది కావడానికి కారణం దాని అసలు నిర్మాణంలోనే ఉంది. ఆనాటి రెక్క పలుచని చెక్క చట్రంపై లినెన్ గుడ్డ కప్పి, డోప్ అనే సెల్యులోజ్ ద్రావణం పూసి, అది ఆరుతూ ముడుచుకున్నప్పుడు గుడ్డ డప్పుచర్మంలా బిగిసేటట్టు చేసినది. అంత పలుచని రెక్క ఒంటరిగా బరువు మోయలేదు. అందుకని రెండు రెక్కలను నిలువు గుంజలతో కలిపి, మధ్య ఖాళీల్లో ఏటవాలుగా ఉక్కుతీగలు బిగించేవారు. నులకమంచం పట్టెలు విడివిడిగా బలహీనమైనవే అయినా తాడు బిగిసినప్పుడు మంచమంతా ఒక్కటిగా నిలబడినట్టే, తీగల బిగువు వల్ల రెండు రెక్కలూ కలిసి ఒక వంతెన దూలంలా పనిచేసేవి. కింది రెక్క మొదటినుంచి పై రెక్క కొసవైపు సాగే తీగలు, గాలిలో రెక్కలు పైకి వంగిపోకుండా పట్టి ఉంచేవి. పై రెక్క నడుమ నుంచి కింది రెక్క కొసవైపు దిగేవి, నేలమీద నిలిచినప్పుడు రెక్కలు తమ బరువుకు వాలకుండా ఆపేవి. ఏ తీగ ఏ పని చేస్తుందో తెలిసినవారు నమూనాలో దాన్ని తప్పు చోట కట్టరు.

ఈ తీగల అల్లికను రిగ్గింగ్ అంటారు. ఆరు మిల్లీమీటర్ల తీగ డెబ్బై రెండో వంతులో మిల్లీమీటరులో పన్నెండో వంతు అవుతుంది. తలవెంట్రుక మందం కూడా రమారమి అంతే. గాలానికి వాడే అతి సన్నని నైలాన్ దారం ఇందుకు బాగా నప్పుతుంది. రెక్కలు అతకకముందే తీగ తగిలే ప్రతిచోటా చేతిడ్రిల్‌తో సన్నని గుంట తవ్వి ఉంచుకోవాలి. రంగులు కూడా చాలావరకు అప్పుడే ముగించాలి, ఎందుకంటే పై రెక్క కూర్చున్నాక లోపలికి కుంచె దూరదు. పై రెక్కను గుంజలపై నిలిపేటప్పుడు అట్టముక్కలతో చేసిన చట్రంలో విమానాన్ని బిగించి, ఎదుటినుంచీ పైనుంచీ చూసి, రెండు రెక్కల అంచులు సమంగా ఉన్నాయని తేల్చుకున్నాకే జిగురు ఆరనివ్వాలి. తరువాత దారం ఒక కొసను పట్టుకారుతో పట్టి, సూదిమొనపై తీసుకున్న ఫెవిక్విక్ వంటి జిగురు చుక్కను తాకించి గుంటలో నిలిపితే అది క్షణంలో పట్టేస్తుంది. రెండో కొసను ఎదుటి గుంటలో నుంచి లాగి, ఎక్కువ బిగువు లేకుండా అతకాలి. మిగిలిన వదులును తీర్చడానికి వెలిగించిన అగరుబత్తి నిప్పును దారానికి తాకకుండా, దాని దాపుగా మెల్లగా నడిపిస్తే, నైలాన్ వేడికి కుదించుకుని తీగలా తిన్నగా బిగుస్తుంది. చేయి ఒక్క వెంట్రుకవాసి దగ్గరైతే దారం తెగిపోతుంది, పని మళ్లీ మొదటికి వస్తుంది. సహనం అనే మాటకు ఈ విద్యలో అర్థం తెలిసే చోటు ఇదే.

ఇక రంగు. ఆనాటి బ్రిటిష్ విమానాల పైభాగాలకు పీసీ 10 అనే రక్షణ రంగు పూసేవారు. దాని తయారీ వింటే మట్టిబొమ్మలు చేసే పలమనేరు వాసికి పరిచయమైన విషయంగానే తోస్తుంది, ఎందుకంటే అందులో ముఖ్యమైనది ఇనుము కలిసిన పసుపు మన్ను. దానికి కొద్దిగా దీపపు మసి కలిపేవారు. పసుపులో నలుపు పడితే ఆకుపచ్చ ఛాయ వస్తుందన్నది రంగులు కలిపే ప్రతివారూ ఎరిగిన సంగతి. అందుకే ఈ రంగు ఒకచోట ముదురు ఆలివ్ పచ్చగా, ఒకచోట చాక్లెట్ గోధుమగా కనిపిస్తుంది. కలిపిన చేతిని బట్టి, కలిపిన వార్నిష్‌ను బట్టి, ఎండకు పాతబడిన తీరును బట్టి అది మారిపోయేది. పలమనేరు, గంటావూరు ప్రాంతాల్లో మట్టిబొమ్మలకు కాల్చాక వచ్చే ఎరుపు కూడా మట్టిలోని ఇనుము చలవే. పసుపు మన్నులోని ఇనుప సమ్మేళనం కొలిమి వేడికి నీరు కోల్పోయి ఎర్రగా మారుతుంది. బొమ్మకు ఆ రంగును నిప్పు ఇచ్చింది. విమానానికి కాల్చని పసుపే మసితో కలిసి పచ్చదనమిచ్చింది. కాబట్టి పీసీ 10కు సరైన ఛాయ ఒక్కటే అని సీసామీది పేరును నమ్మి వాదించడం కంటే, పసుపు కావి రంగులో నలుపు చుక్కచుక్కగా కలిపి, తెల్ల అట్టపై పూసి, పగటి వెలుగులో చూసి ఎంచుకోవడం మేలు. చిన్న వస్తువుపై ముదురు రంగు మరింత ముదురుగా కనిపిస్తుంది గనుక, ఎంచుకున్న ఛాయను కొద్దిగా లేతగా చేయాలి.

రెక్కల అడుగుభాగాలకు ఈ రంగు ఉండదు. అక్కడ రంగులేని డోప్ పూసిన లినెన్, మీగడ రంగులో కనిపిస్తుంది. ఈ లేత రంగును ముందు వేసి, ఆరాక మాస్కింగ్ టేప్‌తో కప్పి, పైభాగానికి ముదురు రంగు వేయాలి. గుడ్డ కింద చట్రపు పక్కటెముకలు ఉబ్బెత్తుగా కనిపించాలని కొందరు వాటి వెంబడి నల్లటి నీడలు గీస్తారు గాని, డోప్ పూసిన గుడ్డ బిగువుగానే ఉంటుంది కనుక ఆ నీడ కనీకనిపించనట్టు ఉంటేనే నిజం. చిత్తడి రోజుల్లో లాకర్ రంగులు వేయడం మంచిది కాదు. గాలిలోని తేమ వల్ల పూతపై తెల్లటి మసక కమ్ముతుంది.

చివరికి గుర్తులు. నీలం, తెలుపు, ఎరుపు వలయాలు, అక్షరాలు ఉండి, నీటిలో నానబెట్టి జరిపి అతికే పలుచని పొరలను డెకాల్స్ అంటారు. మెరిసే నున్నని పూతపై అతికితేనే వాటి అంచులు వెండిలా తెల్లబడవు. తోకమీది చుక్కాని పట్టీల్లో నీలం ముందుండాలి, ఎరుపు వెనక ఉండాలి. ఈ వరుస 1930లో తిరగబడింది కాబట్టి తరువాతి కాలపు ఫొటోలు చూసి వేసేవారు ఇక్కడే పొరపడతారు. నిజాం పేరున్న వాక్యానికి తెల్ల అక్షరాలు కిట్‌లో లేకపోతే ట్రిపుల్ జీరో అనే అతి సన్నని కుంచెతో రాయక తప్పదు, డెబ్బై రెండో వంతులో అది గొప్ప పరీక్ష.

పాత విమానమంటే మురికిగా, వెలసిపోయి ఉండాలన్న భావన వల్ల చాలామంది నమూనాలకు నూనె మరకలూ తుప్పూ ఎక్కువగా పులుముతారు. 110వ స్క్వాడ్రన్ ఫ్రాన్స్ చేరింది 1918 సెప్టెంబర్ 1న. ఎఫ్ 1010 శత్రువులకు చిక్కింది అక్టోబర్ 5న. అంటే అది యుద్ధరంగంలో ఉన్నది ఎక్కువలో ఎక్కువ అయిదు వారాలు. నాలుగు వందల హార్స్‌పవర్ లిబర్టీ ఇంజిన్ పొగగొట్టాల వెనుక కొంచెం మసి, శరత్కాలపు పచ్చికలో దిగిన చక్రాలకు కొంచెం బురద, పైలట్ కాలు పెట్టి ఎక్కే చోట కొంచెం అరుగుదల చాలు. పక్కనున్న హైదరాబాద్ 12ఎ అన్న అక్షరాలు మాత్రం నిన్న రాసినట్టు తెల్లగా ఉండాలి, ఆ ఉదయం అవి అలాగే బయలుదేరాయి గనుక.