సన్నాలతో జిగురన్నం కుదరదు

శ్రీకాకుళం: వియత్నాంలో ఉదయం పూట తినే కోడిమాంసపు జిగురన్నాన్ని ఇంట వండబోయేవారికి మొదటి చిక్కు బియ్యంతోనే. రాగోలు పరిశోధన స్థానం రూపొందించిన శ్రీకాకుళం సన్నాలు గానీ, స్వర్ణ గానీ ఎంత ఉడికించినా ముద్దవుతాయే తప్ప ఆ జిగి రాదు. వాటిలోని అమైలోజ్ అనే పిండిపదార్థమే అందుకు కారణం. జిగురు బియ్యంలో అది దాదాపు ఉండదు. అస్సాంలో పండే బోరా బియ్యం ఈ కోవకు చెందినదే.

ఈ బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, చిటికెడు పసుపు కలిపి, ఇడ్లీ పాత్రలో తడిబట్టపై సుమారు అరగంట ఆవిరి పట్టాలి. నీళ్లలో ఉడికిస్తే జావే మిగులుతుంది. ఉడికించి చీల్చిన మాంసం, వేయించిన చిన్న ఉల్లిపాయలు పైన పరుస్తారు.

మిగిలిన అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచరాదు. చద్దికి అలవాటుపడిన ఇళ్లలో ఇది ముఖ్యంగా గమనించాలి. ఉడుకుకు చావని బాసిల్లస్ సీరియస్ సూక్ష్మజీవి అందులో విడిచే విషం మళ్లీ వేడిచేసినా పోదు.